హకీం రాజీ అడగడం మరచిన ప్రశ్న

నేటి టెహ్రాన్ పక్కనున్న రయ్ పట్టణంలో సుమారు క్రీ.శ. 865 (హిజ్రీ 251)లో అబూబక్ర్ ముహమ్మద్ బిన్ జకరియ్యా జన్మించారు. ఊరి పేరుతోనే ఆయన రాజీగా ప్రసిద్ధులయ్యారు. రయ్‌లోనూ, తర్వాత బగ్దాద్‌లోనూ దవాఖానాలకు పెద్ద హకీంగా పనిచేశారు. మశూచికి, తట్టుకు గల తేడాను వివరిస్తూ గ్రంథం రాశారు. కిడ్నీలో, మూత్రాశయంలో ఏర్పడే రాళ్ల మీద మరొకటి రాశారు.

ఆయన దగ్గరికి అబ్దుల్లా బిన్ సవాదా అనే రోగి వచ్చాడు. అతనికి చలితో జ్వరం. ఒకప్పుడు రోజూ, ఒకప్పుడు రోజు విడిచి రోజు, ఒకప్పుడు ఆరు రోజులకోసారి. మాటిమాటికి మూత్రం. ఇది విడతలుగా వచ్చే చలిజ్వరమా, లేక గుర్దాలో పుండా? రాజీ తేల్చి చెప్పలేకపోయారు. కొద్ది రోజులకే మూత్రంలో చీము పడింది. జబ్బు గుర్దాదేనని తేలింది. చీము పోయేదాకా మూత్రం జారీ చేసే మందులు, ఆ తర్వాత పుండు మానే మందులు ఇచ్చారు. సుమారు రెండు నెలల్లో రోగి కోలుకున్నాడు.

రోగం కుదిరింది కదా అని రాజీ ఊరుకోలేదు. నిలబడితే నడుములో బరువు వేలాడుతున్నట్టుందా అని మొదట్లోనే అడగవలసింది. రోగి చెప్పలేదు, తాను అడగలేదు. ఆ పొరపాటును దాచకుండా స్వయంగా రాసిపెట్టారు.

కిడ్నీ ఇన్‌ఫెక్షన్‌కు నేటికీ ముఖ్య లక్షణాలు ఇవే: చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, మాటిమాటికి మూత్రం. చాలామందిలో ఇ.కొలై అనే సూక్ష్మజీవి మూత్రాశయం నుంచి పైకి పాకుతుంది. ఆసుపత్రిలో చేరినవారి మూత్రాన్ని కల్చర్ పరీక్షకు పంపుతారు. రక్తంలో క్రియాటినిన్ ఎంతుందో చూసి కిడ్నీల పనితీరు అంచనా వేస్తారు. యాంటీబయాటిక్ మందులతో నయమయ్యే జబ్బే ఇది. ఆలస్యం చేస్తే మాత్రం కిడ్నీలో చీముగడ్డ కట్టవచ్చు, కిడ్నీ పని మందగించవచ్చు, ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకి ప్రాణం మీదికి రావచ్చు. మధుమేహం ఉన్నవారికి, గర్భిణులకు, రాళ్లు అడ్డుపడినవారికి ముప్పు మరీ ఎక్కువ.

రాజీ చివరి రోజుల్లో చూపు కోల్పోయి, సుమారు 925లో రయ్‌లోనే కన్నుమూశారు. ఆయన రాసిపెట్టుకున్న కాగితాలను శిష్యులు కూర్చగా 'అల్ హావీ' అనే మహాగ్రంథమైంది. 1279లో అది లాటిన్‌లోకి వెళ్లింది. దాని అరబీ మూలాన్ని 1955 నుంచి సంపుటాలుగా అచ్చువేసింది మన హైదరాబాద్‌లోని దాయిరతుల్ మఆరిఫే.

అంతటి హకీం కూడా ఒక ప్రశ్న మరిచారు. కనుక డాక్టరు అడిగేదాకా ఆగకండి. మూత్రం సంగతి చెప్పడానికి సిగ్గుపడి మన ఇళ్లలో అమ్మలు, అక్కచెల్లెళ్లు జబ్బును దాచుకుంటారు. ముందుగా మనమే వాళ్లను అడుగుదాం.