చుక్కల కోసం తిరిగొచ్చిన హైదరాబాదీ

జూన్ నుంచి ఆగస్టు దాకా కువైత్‌లో పగలు పదకొండింటి నుంచి నాలుగింటి వరకు ఎండలో పని చేయించకూడదు. అందుకే జాబ్రియాలో మా సైటు స్లాబులు ఎక్కువగా రాత్రిపూటే పోస్తాం. మూడేళ్ల కిందట ఆగస్టు చివర్లో ఒక రాత్రి కాంక్రీటు పని అయిపోయేసరికి తెల్లవారు నమాజు వేళయింది. ఇల్లు కట్టించుకుంటున్న ముసలాయన వచ్చి దక్షిణం వైపు చెయ్యి చూపించి, సుహైల్ వచ్చేస్తోంది, ఇక ఎండ తగ్గుతుందిలే అన్నాడు. నేను తలెత్తి చూస్తే క్రేన్ లైటు తప్ప ఏమీ కనిపించలేదు.

తర్వాత సెప్టెంబరులో ఒక గురువారం రాత్రి వఫ్రా తోటలో పనిచేసే రైల్వే కోడూరు మిత్రుడి దగ్గర పడుకున్నాను. తెల్లవారుజామున లేపి చూపించాడు. నేలకు కాస్త పైన, ఆగ్నేయం వైపు, తెల్లగా వణుకుతూ ఒకే ఒక్క చుక్క. వాళ్ల నాయనమ్మ దాన్ని అగస్త్యుడు అనేదట. అరబ్బుల సుహైల్, మన అగస్త్యుడు ఒక్కటే అని నాకు అప్పుడే తెలిసింది.

ఆ మాట ఇంటికి ఫోన్ చేసి చెబితే, ఆరో తరగతి చదివే మా పాప అగస్త్యుడు ఎంత దూరం నాన్నా అని అడిగింది. సివిల్ డిప్లొమా చదివినోణ్ణి, దూరాలు కొలవడమే నా పని, అయినా జవాబు చెప్పలేకపోయాను. దాని కోసం వెతుకుతుంటే దొరికిన మనిషే వేణు బప్పు. చుక్కల వెలుగు కొలిచే ఒక పద్ధతికి ప్రపంచమంతా ఆయన పేరు పెట్టుకుంది. ఆయన పెరిగింది మన హైదరాబాద్‌లోనే.

బేగంపేట పిల్లాడు

పూర్తి పేరు మనాలి కల్లట్ వేణు బప్పు. 1927 ఆగస్టు 10న మద్రాసులో పుట్టారు. కుటుంబం కేరళ వైపుది. తండ్రి హైదరాబాద్‌లోని నిజామియా అబ్జర్వేటరీలో అసిస్టెంట్‌గా పనిచేసేవారు. కాబట్టి పిల్లాడి బాల్యం, చదువు అంతా హైదరాబాదే.

ఆ అబ్జర్వేటరీకి కూడా ఒక కథ ఉంది. నవాబ్ జఫర్ జంగ్ అనే ఆయన 1901లో సొంత డబ్బుతో మొదలుపెట్టారు. ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం తీసుకుంది. తర్వాత బేగంపేటకు మారింది, 1919లో ఉస్మానియా యూనివర్సిటీ కిందికి వచ్చింది. ప్రపంచంలోని అబ్జర్వేటరీలు ఆకాశాన్ని వాటాలుగా పంచుకుని ఫొటోలు తీసి, చుక్కల పట్టిక తయారుచేసిన కాలం అది. అందులో హైదరాబాద్‌కు కూడా ఒక వాటా వచ్చింది. లక్షల చుక్కల స్థానాలు మన బేగంపేటలో కూర్చుని కొలిచారు.

తండ్రి ఉద్యోగం అక్కడ కాబట్టి పిల్లాడికి టెలిస్కోపు ఇంటి వస్తువు లాంటిదే. నిజాం కాలేజీలో చదివే రోజుల్లోనే వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉండే చుక్కల మీద వ్యాసాలు రాసి అచ్చు వేయించారు. ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రాడు. మద్రాసు యూనివర్సిటీ నుంచి ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేశాక హైదరాబాద్ ప్రభుత్వం స్కాలర్‌షిప్ ఇచ్చింది. 1949 మొదట్లో అమెరికాలోని హార్వర్డ్ చేరారు.

తోకచుక్కకు పేరు

వెళ్లి ఆరు నెలలైనా కాలేదు. 1949 జూలై 2 రాత్రి తీసిన ఫొటో ప్లేటులో ఆయనకు ఒక కొత్త గీత కనిపించింది. అది ఎవరూ చూడని తోకచుక్క. ప్రొఫెసర్ బార్ట్ బోక్, తోటి విద్యార్థి గోర్డన్ న్యూకర్క్‌లతో కలిసి దాని దారి లెక్కగట్టారు. ఒకసారి వచ్చి వెళితే మళ్లీ రావడానికి సుమారు 60 వేల ఏళ్లు పడుతుందని తేలింది. ఆ తోకచుక్కకు బప్పు-బోక్-న్యూకర్క్ అని పేరు పెట్టారు. పసిఫిక్ ఆస్ట్రనామికల్ సొసైటీ వాళ్లు డోనహో మెడల్ ఇచ్చారు.

1952లో డాక్టరేట్ వచ్చింది. వెంటనే కార్నెగీ ఫెలోషిప్ మీద కాలిఫోర్నియాలోని పాలొమార్‌కు వెళ్లారు. అప్పట్లో ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద టెలిస్కోపు, 200 అంగుళాలది, అక్కడే ఉండేది. ఆయన పేరు పుస్తకాల్లో నిలబడిపోయింది ఆ కొండల మీద చేసిన పనితోనే.

వాటేజీ తెలిసేదెలా

ఇది మన సైటు భాషలో చెప్పుకుందాం. రాత్రి దూరంగా ఒక లైటు కనిపిస్తుంది. అది పక్క వీధిలో చిన్న బల్బా, మూడు కిలోమీటర్ల అవతల పెద్ద ఫ్లడ్‌లైటా? కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. బల్బు మీద వాటేజీ రాసి ఉంటే, ఎంత వెలుగు మనదాకా వస్తోందో కొలిచి దూరం చెప్పేయొచ్చు. చుక్కల మీద వాటేజీ ఎవరు రాస్తారు?

ఆకాశంలో అన్నిటికన్నా మెరిసే చుక్క సిరియస్. దాని తర్వాతిది మన అగస్త్యుడు. కానీ సిరియస్ దూరం 8.6 కాంతి సంవత్సరాలు, అగస్త్యుడి దూరం దాదాపు 310. కాంతి సంవత్సరం అంటే వెలుగు ఒక ఏడాదిలో పోయే దూరం. నిజంగా చూస్తే సిరియస్ మన సూర్యుడికి పాతికింతలు, అగస్త్యుడు పది వేల ఇంతలకు పైనే. దగ్గర బల్బు, దూరం ఫ్లడ్‌లైటు తేడా ఇదే.

చుక్క వెలుగును పట్టకం లాంటి పరికరంలో రంగులుగా విడగొడితే మధ్యలో నల్లటి గీతలు కనిపిస్తాయి. ఒక్కో మూలకానికి దానివైన గీతలుంటాయి. మన సిమెంటులో, సున్నంలో ఉండే కాల్షియమే చుక్కల్లోనూ ఉంది. సూర్యుడి లాంటి చుక్కల్లో, సూర్యుడికన్నా చల్లగా ఎర్రగా ఉండే రోహిణి లాంటి చుక్కల్లో, ఈ కాల్షియం నల్ల గీత నడిమధ్యన సన్నటి వెలుగు గీత ఇంకొకటి ఉంటుంది. ఓలిన్ విల్సన్ అనే శాస్త్రవేత్తతో కలిసి బప్పు ఆ సన్న గీత వెడల్పు కొలిచారు. వెడల్పు ఎంత ఎక్కువైతే చుక్క అసలు వెలుగు అంత ఎక్కువ. అంటే బల్బు మీద వాటేజీ దొరికినట్టే! 1957లో అచ్చయిన ఈ సంగతిని విల్సన్-బప్పు ఎఫెక్ట్ అంటారు. నేటికీ చదువుతారు.

తిరుగు ప్రయాణం

ఇప్పుడు మనలాంటి వాళ్లం ఆగి ఆలోచించాల్సిన చోటుకొచ్చాం. ప్రపంచంలోకెల్లా పెద్ద టెలిస్కోపు దగ్గర పనిచేసిన ఆయన 1953లో ఇండియాకు తిరిగొచ్చేశారు. అప్పుడు మన దేశంలో దానికి దరిదాపుల్లో నిలబడే టెలిస్కోపు ఒక్కటీ లేదు.

1954లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం కొత్త అబ్జర్వేటరీ మొదలుపెట్టి ఆయనకు అప్పగించింది. అబ్జర్వేటరీ అంటే ఏదో అనుకునేరు. వారణాసిలో సంస్కృత కాలేజీ ఆవరణలో ఆరంభమైంది. ఊరి దుమ్ము, వెలుతురు మధ్య పని కాదని దాన్ని నైనితాల్ కొండల మీదికి చేర్చారు. 1960లో తమిళనాడులోని కొడైకెనాల్ అబ్జర్వేటరీకి డైరెక్టరయ్యారు. అప్పటికి వయసు 33 ఏళ్లు కూడా నిండలేదు.

కొడైకెనాల్ సూర్యుడి పరిశీలనకు పేరున్న చోటు. రాత్రిపూట చుక్కలకు మాత్రం మబ్బులు అడ్డం. అందుకని మంచి సైటు కోసం దక్షిణాదిలో ఏళ్ల తరబడి వెతికారు. చివరికి దొరికింది వాణియంబాడి దగ్గర జవ్వాది కొండల్లోని కావలూరు. మన చిత్తూరు జిల్లా సరిహద్దుకు పెద్ద దూరం కాదు. సుమారు 725 మీటర్ల ఎత్తు, చుట్టూ అడవి, ఊరి లైట్లు లేవు.

దక్షిణమే ఎందుకు? దీనికి జవాబు మళ్లీ అగస్త్యుడి దగ్గరే ఉంది. కువైత్‌లో అది ఎంత పైకి వచ్చినా నేల నుంచి దాదాపు 8 డిగ్రీలే. చెయ్యి చాచి పిడికిలి పట్టుకుంటే దాని ఎత్తు దాదాపు 10 డిగ్రీలు, అంతకన్నా తక్కువే. కడపలో అదే చుక్క దాదాపు 23 డిగ్రీలు, కావలూరులో దాదాపు 25 డిగ్రీలు ఎక్కుతుంది. భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ దక్షిణ ఆకాశం పైకి లేస్తుంది. ఉత్తరాదిన కూర్చుంటే కనపడని చుక్కలెన్నో కావలూరులో కనిపిస్తాయి. పునాది తవ్వకముందే బప్పు చూసుకున్న లెక్క ఇది.

సొంత చేతులతో

కావలూరులో పని మొదలైంది 38 సెంటీమీటర్ల చిన్న టెలిస్కోపుతో, అదీ తమ వర్క్‌షాపులో తామే చేసుకున్నది. 1972లో జర్మనీ నుంచి జైస్ కంపెనీ ఒక మీటరు టెలిస్కోపు వచ్చింది. 1977 మార్చి 10న యురేనస్ గ్రహం ఒక చుక్కకు అడ్డంగా పోతుంటే, గ్రహం రాకముందే చుక్క వెలుగు తగ్గడం ఆ టెలిస్కోపులో నమోదయింది. శనికి ఉన్నట్టే యురేనస్‌కు కూడా వలయాలున్నాయని అమెరికావాళ్లు విమానంలోంచి చూసి ఆ రోజే కనిపెట్టారు. అదే సంఘటనను మన కావలూరు కూడా పట్టుకుంది.

1971లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ ఏర్పడితే దానికీ ఆయనే డైరెక్టర్. ఇక ఆయన పట్టుదలంతా ఒక్కటే. పెద్ద టెలిస్కోపును బయట కొనకుండా మన దేశంలోనే చేయాలి. 2.34 మీటర్ల అద్దం. గాజు దిమ్మ బయటి నుంచి వచ్చినా, దాన్ని అరగదీసి నునుపు చేసింది బెంగళూరులో మనవాళ్లే. మన స్లాబు లెవెల్లో అయిదు మిల్లీమీటర్ల తేడా వస్తే సరిపెట్టుకుంటాం. ఆ అద్దంలో వెంట్రుక మందంలో వందో వంతు తేడా వచ్చినా పనికిరాదు. టెలిస్కోపు నిలబడే స్తంభం పునాది కూడా బిల్డింగు పునాదికి తగలకుండా విడిగా వేస్తారు. మనిషి నడిచిన అదురు తగిలినా చుక్క కదిలిపోతుంది మరి.

మధ్యలో 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. మా నల్గొండ జిల్లా మీదుగానే నీడ పోయింది. మా నాన్న అప్పుడు చిన్నపిల్లాడు, తలుపులేసి లోపల కూర్చోబెట్టారట. అదే మధ్యాహ్నం ఉస్మానియావాళ్లు జాపాల్-రంగాపూర్‌లో, బప్పు సంస్థ బృందాలు కర్ణాటకలో టెలిస్కోపులు పెట్టుకుని సూర్యుడి వైపు చూస్తున్నారు. చూడకూడదన్న భయానికీ, ఎలా చూడాలో తెలిసిన జాగ్రత్తకూ మధ్య దూరం నాకు అక్కడ కనిపించింది.

చూడకుండానే

1970లో భట్నాగర్ అవార్డు, 1981లో పద్మభూషణ్ వచ్చాయి. ప్రపంచ ఖగోళ శాస్త్రవేత్తల సంఘానికి 1979లో అధ్యక్షుడయ్యారు. 1982 ఆగస్టులో గ్రీసులోని పాత్రాస్‌లో ఆ సంఘం మహాసభలు జరుగుతుండగా అధ్యక్షుడు మాత్రం జర్మనీలో ఆస్పత్రి మంచం మీద ఉన్నారు. గుండె ఆపరేషన్ తర్వాత ఆగస్టు 19న మ్యూనిక్‌లో కన్నుమూశారు. వయసు 55. పరాయి దేశంలో ప్రాణం పోవడమంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

పెద్ద టెలిస్కోపు అప్పటికింకా పూర్తి కాలేదు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లే పూర్తిచేశారు. 1986 జనవరి 6న ప్రధాని రాజీవ్ గాంధీ కావలూరుకు వచ్చి టెలిస్కోపుకూ, అబ్జర్వేటరీకీ వేణు బప్పు పేరు పెట్టారు. ఆయన నైనితాల్ చేర్చిన సంస్థ 2016లో దేవస్థల్‌లో 3.6 మీటర్ల టెలిస్కోపు నిలబెట్టింది.

మనం కట్టిన ఇళ్లలో మనం ఉండం. తాళాలు అప్పగించే రోజు వచ్చేసరికి ఇంకో సైటులో ఉంటాం. ఆ బాధ నాకూ ఉండేది. బప్పుకూ మనకూ పోలిక పెట్టడం లేదు, ఆయన చదువెక్కడ, మన డిప్లొమా ఎక్కడ. తిరిగి వెళ్లడం కూడా అందరికీ కుదిరే పని కాదు, అప్పులు, పిల్లల ఫీజులు ఎవరివి వాళ్లకుంటాయి. కానీ పని నేర్పిన మనుషులు మిగిలితే మొదలుపెట్టినది ఆగదని ఆయన జీవితం చూశాక నమ్మకం కుదిరింది. ఇప్పుడు నా దగ్గరికి కొత్తగా వచ్చిన హెల్పర్లకు లెవెల్ మిషన్ చూడటం నేనే దగ్గరుండి నేర్పుతున్నాను.

ఈసారి శుక్రవారం సెలవుకు ఊరి బయటికి వెళితే ఒకసారి తలెత్తండి. మిణుకుమిణుకుమనేవి చుక్కలు, నిలకడగా వెలిగేవి గ్రహాలు. చలికాలం రాత్రుళ్లు గుంపుగా కనిపించే పిల్లలకోడి, అంటే కృత్తికలను అరబ్బులు తురయా అంటారు, ఎడారిలో వాడే శాటిలైట్ ఫోన్ పేరు అదే. దాని వెనకే వచ్చే ఎర్ర చుక్క రోహిణి, అరబ్బీలో అల్ దబరాన్, వెంట నడిచేది అని అర్థం. జనవరి, ఫిబ్రవరి నెలల్లో రాత్రి తొమ్మిది, పది మధ్య దక్షిణాన కిందగా అగస్త్యుడు ఉంటాడు. అదే వేళకు ఇంటికి ఫోన్ చేస్తే అక్కడ అర్ధరాత్రి వేళ అవుతుంది. కాబట్టి మా పాపకు జవాబు మర్నాడు పొద్దున చెప్పాను. 310 కాంతి సంవత్సరాలు తల్లీ అని.

- ఒక సైట్ సూపర్‌వైజర్, జాబ్రియా, కువైత్