పియెర్ షార్ల్ అలెగ్జాండర్ లూయీ

పియెర్ షార్ల్ అలెగ్జాండర్ లూయీ (ఏప్రిల్ 14, 1787 - ఆగష్టు 22, 1872) ఫ్రాన్సు దేశానికి చెందిన ప్రసిద్ధ వైద్యుడు. క్షయ, టైఫాయిడ్, న్యుమోనియా వంటి తీవ్రవ్యాధులతో ఆసుపత్రిలో చేరిన రోగులలో ఎందరు కోలుకుంటున్నారు, ఎందరు మరణిస్తున్నారు, ఏ చికిత్స వలన ఎంత ప్రయోజనం కలుగుతున్నది అనే ప్రశ్నలకు ఇతడు లెక్కల ద్వారా సమాధానం వెదికాడు. ఈ విధానానికి సంఖ్యా పద్ధతి అని పేరు. రోగి భవిష్యత్తును వైద్యుని అనుభవం మీద, ఊహ మీద కాక, అటువంటి రోగులను అనేకమందిని పరిశీలించి వేసిన లెక్క మీద ఆధారపడి చెప్పాలన్నది ఇతని సిద్ధాంతం. వైద్య గణాంక శాస్త్రానికి, సాంక్రమిక వ్యాధుల శాస్త్రానికి పునాది వేసినవారిలో ఇతడు ఒకడు.

బాల్యం, విద్యాభ్యాసం

లూయీ ఫ్రాన్సులోని షాంపేన్ ప్రాంతంలో ఆయ్ అనే ఊరిలో జన్మించాడు. ఇది ద్రాక్షతోటలకు ప్రసిద్ధి చెందిన ఊరు. ఇతని బాల్యం ఫ్రెంచి విప్లవ కాలంలో గడిచింది. మొదట న్యాయశాస్త్రం చదవటం ప్రారంభించి, తరువాత వైద్యవిద్య వైపు మళ్ళాడు. రీమ్స్ నగరంలోను, పిదప పారిస్‌లోను చదివి 1813లో వైద్య పట్టా పొందాడు.

రష్యాలో వైద్యవృత్తి

పట్టా పొందిన తరువాత లూయీ తన కుటుంబ మిత్రుడైన ఒక ప్రభువు వెంట రష్యా సామ్రాజ్యానికి వెళ్ళాడు. అక్కడ కొంతకాలం పర్యటించి, నల్లసముద్ర తీరాన ఉన్న ఒడెస్సా రేవుపట్టణంలో స్థిరపడ్డాడు. ఈ పట్టణం నేటి ఉక్రెయిన్ దేశంలో ఉంది. అచ్చట లూయీకి మంచి వైద్యుడనే పేరు, తగిన ఆదాయం లభించాయి.

1820లో ఒడెస్సాలో డిఫ్తీరియా (కంఠసర్పి) ప్రబలింది. గొంతులో పొర ఏర్పడి ఊపిరాడక పిల్లలు మరణిస్తుంటే, తాను నేర్చిన చికిత్సలేవీ పనిచేయకపోవటం లూయీ కళ్ళారా చూశాడు. తాను చేస్తున్న చికిత్స రోగికి మేలు చేస్తున్నదో, కీడు చేస్తున్నదో చెప్పటానికి తన వద్ద ఆధారమేదీ లేదని గ్రహించాడు. సాఫీగా సాగుతున్న వృత్తిని వదలుకొని పారిస్‌కు తిరిగి వచ్చాడు. అప్పటికి అతనికి 33 ఏళ్ళు.

షారిటే ఆసుపత్రిలో పరిశోధన

పారిస్‌లో షారిటే ఆసుపత్రి వైద్యుడైన షోమెల్ తన వార్డులలో రోగులను పరిశీలించటానికి లూయీకి అనుమతి ఇచ్చాడు. సుమారు ఏడేళ్ళపాటు లూయీ అక్కడ జీతం లేకుండా పనిచేశాడు. ఈ కాలంలో సొంత ప్రాక్టీసు పెట్టుకోలేదు.

ప్రతి రోగి విషయంలోను అతని వయస్సు, వృత్తి, పూర్వపు ఆరోగ్యస్థితి, జబ్బు ఏ రోజున మొదలైనది అడిగి వ్రాసుకొనేవాడు. తరువాత ప్రతిదినం లక్షణాలను, ఇచ్చిన చికిత్సను నమోదు చేసేవాడు. రోగి కోలుకొంటే ఎన్నవ రోజున కోలుకొన్నదీ వ్రాసేవాడు. మరణిస్తే శవపరీక్ష జరిపి ఏ అవయవంలో ఏ మార్పు వచ్చినదీ వ్రాసేవాడు. ఇలా దాదాపు 2000 మంది రోగుల వివరాలు సేకరించాడు. అన్నీ పూర్తయిన తరువాతనే వాటిని పట్టికలుగా అమర్చి లెక్కించేవాడు. తరచుగా, అరుదుగా, సాధారణంగా అనే మాటలకు బదులు ఎంతమందిలో ఎంతమందికి అని చెప్పాలని ఇతని నియమం.

క్షయ, టైఫాయిడ్ వ్యాధులపై గ్రంథాలు

1825లో లూయీ క్షయవ్యాధిపై గ్రంథం ప్రచురించాడు. పదిహేనేళ్ళు దాటిన వ్యక్తి శరీరంలో ఏ ఇతర అవయవంలోనైనా క్షయ గడ్డలు కనిపిస్తే, ఊపిరితిత్తులలో కూడ అవి ఉంటాయని అందులో పేర్కొన్నాడు. దీనికి లూయీ సూత్రం అని పేరు వచ్చింది. వ్యాధి ఊపిరితిత్తుల పైభాగంలో ముందుగా మొదలవుతుందని కూడ చూపాడు.

1829లో టైఫాయిడ్ జ్వరంపై గ్రంథం వెలువడింది. దీనికి ఆధారం 138 మంది రోగుల వివరాలు. ఆ కాలంలో రకరకాల పేర్లతో పిలువబడిన జ్వరాలలో ఒకదానికి ప్రత్యేక గుర్తింపు ఉన్నదని, ఆ రోగంతో మరణించిన వారి చిన్నప్రేగు చివరి భాగంలో పుండ్లు, ప్రేగులను అంటిపెట్టుకొని ఉండే గ్రంథులలో వాపు కనిపిస్తాయని నిరూపించాడు. టైఫాయిడ్ అనే పేరు ఈ గ్రంథం వలననే వాడుకలోకి వచ్చింది.

ఈ వ్యాధులకు కారణమైన సూక్ష్మజీవులు అప్పటికి తెలియవు. టైఫాయిడ్ క్రిమిని 1880లో ఎబెర్త్, క్షయ క్రిమిని 1882లో కోక్ కనుగొన్నారు. కారణం తెలియని రోజులలోనే, కేవలం పరిశీలన, లెక్క సాయంతో వ్యాధి నడకను గుర్తించటం లూయీ ప్రత్యేకత.

1828లో జిబ్రాల్టర్‌లో పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) వ్యాపించినప్పుడు ఫ్రెంచి ప్రభుత్వం షెర్వాఁ, ట్రూసోలతో పాటు లూయీని కూడ పరిశీలనకు పంపింది.

రక్తమోక్షణంపై పరిశోధన

పందొమ్మిదవ శతాబ్దపు తొలి దశకాలలో జ్వరాలకు, న్యుమోనియాకు ప్రధాన చికిత్స రక్తం తీయటం. నరాన్ని కోసిగాని, జలగలు పట్టించిగాని రక్తం తీసేవారు. పారిస్‌లో బ్రూసే అనే ప్రముఖ వైద్యుడు జ్వరాలన్నీ జీర్ణకోశపు వాపు వలన కలుగుతాయని, జలగలే వాటికి మందు అని బోధించాడు. అతని ప్రభావం వలన జలగల వాడకం ఎంతగానో పెరిగింది. 1833లో ఫ్రాన్సు 4 కోట్లకు పైగా జలగలను దిగుమతి చేసుకొన్నది.

ఈ చికిత్స ఫలితాన్ని లూయీ లెక్కించాడు. జబ్బు పడక ముందు పూర్తి ఆరోగ్యంతో ఉన్న 77 మంది న్యుమోనియా రోగులను ఎంచుకొన్నాడు. వీరిని రెండు వర్గాలు చేశాడు.

మొదటి వర్గం: జబ్బు మొదలైన 1 నుండి 4 రోజుల లోపల రక్తం తీయబడినవారు 41 మంది. వీరిలో 18 మంది మరణించారు (సుమారు 44 శాతం).

రెండవ వర్గం: 5 నుండి 9 రోజుల మధ్య రక్తం తీయబడినవారు 36 మంది. వీరిలో 9 మంది మరణించారు (25 శాతం).

కోలుకొన్నవారిలో మాత్రం మొదటి వర్గం వారికి జబ్బు సగటున సుమారు 3 రోజులు ముందుగా తగ్గింది. రక్తం ఎంత త్వరగా తీస్తే అంత మంచిదన్న నాటి నమ్మకానికి మరణాల లెక్క పూర్తిగా విరుద్ధంగా ఉన్నది. ఈ ఫలితాలు 1828లో పత్రికలో, 1835లో గ్రంథరూపంలో వెలువడ్డాయి. రక్తమోక్షణాన్ని పూర్తిగా మానివేయాలని లూయీ చెప్పలేదు. దాని ప్రభావం వైద్యులు నమ్ముతున్నదానికంటె చాల తక్కువ అని మాత్రమే నిర్ధారించాడు. ఆ తరువాతి దశాబ్దాలలో ఈ చికిత్స క్రమంగా వెనుకబడింది.

నేటి దృష్టిలో ఈ లెక్కలో లోపాలున్నాయి. అసలు రక్తం తీయని రోగుల వర్గం ఇందులో లేదు. ఏ రోగి ఏ వర్గంలోకి రావాలో చీటీ వేసినట్లు నిర్ణయించలేదు. పైగా రెండవ వర్గంలోని వారు అప్పటికే నాలుగు రోజులు బ్రతికి ఉన్నవారు. తొలి రోజులలోనే మరణించేంత తీవ్రమైన జబ్బు ఉన్నవారు ఆ వర్గంలోకి రానే లేరు. కనుక రెండు వర్గాల మధ్య తేడా అంతా చికిత్స వలననే కలిగిందని చెప్పలేము. అయితే పోల్చదగిన రోగులను పక్కపక్కన ఉంచి, వయస్సు, వ్యాధి మొదలైన రోజు గమనించి, మరణాలను లెక్కించాలన్న ఆలోచన వైద్యశాస్త్రానికి కొత్త దారి చూపింది.

విమర్శలు, వాదోపవాదాలు

సంఖ్యా పద్ధతిపై తీవ్రమైన విమర్శలు వచ్చాయి. 1837లో పారిస్ వైద్య అకాడమీలో దీనిపై పెద్ద చర్చ జరిగింది. ఏ ఇద్దరు రోగులూ ఒకేలా ఉండరని, వందమంది సగటు చూసి ఎదుట మంచం మీద ఉన్న ఒక్కరి గతిని చెప్పలేమని ప్రత్యర్థులు వాదించారు. రోగులను లెక్కపెట్టటం వైద్యుని పనికాదని, వైద్యం ఒక కళ అని వారి అభిప్రాయం. రోగుల మధ్య తేడాలు ఉండటం వలననే లెక్క అవసరమని, తేడాలు లేకపోతే ఒక్క రోగిని చూస్తే చాలునని లూయీ పక్షం వారి సమాధానం.

మరొక విమర్శ గణితం తెలిసినవారి నుండి వచ్చింది. 1840లో జూల్ గవారే అనే వైద్యుడు సంభావ్యతా సూత్రాలను ఉపయోగించి లూయీ లెక్కలను పరిశీలించాడు. లూయీ చూసిన టైఫాయిడ్ రోగులలో మరణాలు సుమారు 37 శాతం. అయితే రోగుల సంఖ్య తక్కువ కావటం వలన అసలు మరణశాతం సుమారు 26 నుండి 49 వరకు ఎంతైనా కావచ్చునని గవారే చూపాడు. ఒక శాతాన్ని చెప్పినప్పుడు దానిని ఎంతవరకు నమ్మవచ్చునో కూడ చెప్పాలన్న నియమానికి వైద్యరంగంలో ఇది తొలి ఉదాహరణలలో ఒకటి.

1865లో శరీరధర్మ శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ కూడ సగటులు వాస్తవాన్ని మరుగుపరుస్తాయని విమర్శించాడు. వ్యాధి కారణాన్ని ప్రయోగం ద్వారా కనుగొనాలే గాని లెక్కతో తృప్తి పడరాదని అతని వాదన.

శిష్యులు

లూయీ తరువాతి కాలంలో పారిస్‌లోని పిటియే, హోటల్ ద్యూ ఆసుపత్రులలో పనిచేశాడు. 1832లో ఏర్పడిన వైద్య పరిశీలక సంఘానికి అధ్యక్షుడుగా ఉన్నాడు. ఈ సంఘంలో యువ వైద్యులు తాము పరిశీలించిన రోగుల వివరాలు చదివి వినిపించేవారు. మిగిలిన సభ్యులు అందులోని తప్పులను ఎత్తిచూపేవారు.

అమెరికా, ఇంగ్లాండుల నుండి అనేకమంది విద్యార్థులు ఇతని వద్దకు వచ్చారు. వారిలో ముఖ్యులు:

విలియం వుడ్ గెర్హార్డ్ - 1837లో ఫిలడెల్ఫియాలో టైఫస్, టైఫాయిడ్ వేర్వేరు వ్యాధులని స్పష్టంగా చూపాడు.

ఆలివర్ వెండెల్ హోమ్స్ - కవి, వైద్యుడు. బాలింత జ్వరం వైద్యుల చేతుల ద్వారా అంటుకొంటుందని 1843లో వ్రాశాడు.

హెన్రీ ఇంగర్సోల్ బౌడిచ్ - బోస్టన్ వైద్యుడు. లూయీ టైఫాయిడ్ గ్రంథాన్ని ఆంగ్లంలోకి అనువదించాడు.

విలియం ఫార్ - పారిస్‌లో లూయీ ఉపన్యాసాలు విన్నాడు. తరువాత ఇంగ్లాండులో జనన మరణాల గణాంకాలను తీర్చిదిద్దాడు. మశూచి మరణాలు పెరిగి తరిగే తీరును లెక్కగట్టి, అంటువ్యాధుల గమనాన్ని ముందుగా అంచనా వేసే పద్ధతికి నాంది పలికాడు.

చివరి రోజులు

లూయీ కుమారుడు ఆర్మాన్ యుక్తవయస్సులోనే క్షయవ్యాధి సోకి 1854లో మరణించాడు. ఏ వ్యాధిని గురించి లూయీ వందలాది శవపరీక్షలు జరిపి గ్రంథం వ్రాశాడో, ఆ వ్యాధి నుండి తన బిడ్డను కాపాడుకోలేకపోయాడు. క్షయ ఎలా నడుస్తుందో ఇతనికి తెలిసినంతగా నాడు తెలిసినవారు బహుకొద్దిమంది. దానిని ఆపే మందు మాత్రం ఎవరివద్దా లేదు. ఈ దుఃఖంతో లూయీ వృత్తి నుండి విరమించాడు. 1872 ఆగష్టు 22న పారిస్‌లో మరణించాడు.

ప్రభావం

తీవ్రమైన సాంక్రమిక వ్యాధితో ఆసుపత్రిలో చేరిన వయోజనుల పరిస్థితి ఎలా పరిణమిస్తుందో అంచనా వేయటానికి నేడు వాడే కొలమానాలలో లూయీ ఆలోచనే విస్తరించి కనిపిస్తుంది. 1997లో అమెరికాలో రూపొందిన న్యుమోనియా తీవ్రతా సూచికను 14,199 మంది రోగుల వివరాల ఆధారంగా తయారుచేసి, మరొక 38,039 మందిలో పరీక్షించారు. 2003లో ప్రచురితమైన కర్బ్-65 అనే కొలమానంలో ఐదు అంశాలు మాత్రమే ఉన్నాయి: మతి తప్పటం, రక్తంలో యూరియా పెరగటం, నిమిషానికి 30 లేదా అంతకంటె ఎక్కువ శ్వాసలు, రక్తపోటు పడిపోవటం, 65 లేదా అంతకంటె ఎక్కువ వయస్సు. ఒక్కొక్క అంశానికి ఒక మార్కు. మార్కులు పెరిగిన కొద్దీ ప్రాణాపాయం పెరుగుతుంది. ఎవరిని ఇంటికి పంపవచ్చు, ఎవరిని ఆసుపత్రిలో ఉంచాలి అనే నిర్ణయానికి ఇది తోడ్పడుతుంది.

అయితే 1837నాటి అభ్యంతరం నేటికీ పూర్తిగా తొలగిపోలేదు. ఒకే మార్కులు వచ్చిన వందమందిలో సుమారు ఎందరు మరణిస్తారో ఈ కొలమానాలు చెప్పగలవు గాని, ఆ వందమందిలో ఎవరు అన్నది చెప్పలేవు. అందువలన ఇవి వైద్యుని వివేచనకు సహాయకాలే గాని ప్రత్యామ్నాయాలు కావు.

ముఖ్య రచనలు

క్షయవ్యాధిపై శరీర నిర్మాణ, రోగలక్షణ పరిశోధనలు (1825, రెండవ ముద్రణ 1843)

టైఫాయిడ్ జ్వరంపై పరిశోధనలు (1829, రెండవ ముద్రణ 1841)

రక్తమోక్షణ ప్రభావాలపై పరిశోధనలు (1835)