మా అందరి క్షేమం అడిగినవాడు

బాపట్ల వ్యవసాయ కళాశాలలో మాతో బీఎస్సీ అగ్రికల్చర్ చదివిన మిత్రుడు పోయిన నెలాఖరున కన్నుమూశాడు. జాయింట్ డైరెక్టరుగా రిటైరయ్యాడు, మాట పడకుండా ఉద్యోగం చేశాడు. మా క్లాసుకి మాత్రం వాడు ఇంకో పని చేసిపెట్టాడు. దాదాపు అరవయ్యేళ్లు మా అందరి యోగక్షేమాలు వాడి దగ్గరే ఉండేవి. ఎవరికి ఎక్కడికి ట్రాన్స్‌ఫరయింది, ఎవరమ్మాయికి సంబంధం కుదిరింది, ఎవరింట్లో పెద్దావిడ మంచాన పడింది, అన్నీ వాణ్ని అడిగితే తెలిసేవి.

1945లో పెట్టిన కాలేజీ మాది. మేం 1961లో చేరాం. మేం అక్కడుండగానే, 1964లో, వ్యవసాయ విశ్వవిద్యాలయం వచ్చింది. చదువు కాగానే ఉద్యోగాలొచ్చాయి. పశ్చిమ గోదావరిలో వ్యవసాయ ప్యాకేజీ ప్రోగ్రాం నడుస్తోంది, సాగర్ కాలవలు తవ్వుతున్నారు, బ్లాకుల్లో విస్తరణాధికారులు కావాలి. హాస్టల్ ఖాళీ చేసిన కొద్ది వారాలకే తలో దిక్కయ్యాం. 1967లో ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు ఐఆర్-8 వరి వేసినప్పుడు, ఆ చుట్టుపక్కల పనిచేస్తున్న మావాడొకడు చేను చూసొచ్చి ఈ మిత్రుడికి కార్డు రాశాడు. కార్డంతా దుబ్బుల గురించీ దిగుబడి గురించీ, చివర చిన్న అక్షరాల్లో తనకి పెళ్లి కుదిరిందనీ. వీడు అందరికీ తిరిగి రాసేటప్పుడు పెళ్లి కబురు ముందు పెట్టాడు, వరి సంగతి తర్వాత.

అలా మొదలైందే సంక్రాంతి ఉత్తరం. ఏటా పండగలోపు అందరికీ చేరేది. మొదట్లో కార్బన్ కాగితం పెట్టి చేత్తో రాశాడు, తర్వాత సొంత డబ్బుతో సైక్లోస్టైల్ చేయించాడు, ఆ తర్వాత జెరాక్సు. ప్రమోషన్లు ఒకటి రెండు లైన్లలో తేల్చేసేవాడు. ఎవరి బిడ్డకైనా పోలియో వస్తేనో, ఎవరి చెల్లెలి కాపురం చెడితేనో ఉత్తరంలో ఒక్క ముక్క రాసేవాడు కాదు. తనే బస్సెక్కి వెళ్లొచ్చేవాడు.

1977 నవంబరు 19 ఉప్పెనప్పుడు మావాళ్లు కొందరు అవనిగడ్డ, రేపల్లె వైపు డ్యూటీల్లో ఉన్నారు. స్తంభాలు కూలిపోయి ఫోన్లు లేవు. వీడు సెలవు పెట్టి బయల్దేరాడు. లారీలు దొరికినంత మేర లారీలు, తర్వాత నడక. కనిపించిన ప్రతి స్నేహితుడి చేతా కార్డు మీద రెండు ముక్కలు ఎవరి దస్తూరీతో వాళ్ల చేతే రాయించుకుని, తెచ్చి విజయవాడలో పోస్టు చేశాడు. కొడుకు అక్షరాలు చూస్తేగానీ తల్లి నమ్మదన్నాడు. మా అమ్మ నా కార్డుని తను పోయేదాకా ట్రంకుపెట్టెలో దాచుకుంది.

వాడి పుస్తకం గురించి చెప్పాలి. ఎర్ర గుడ్డ అట్ట వేసిన పొడవాటి లెడ్జరు. ఒక్కొక్కరికి ఒక పేజీ. పేర్లు సిరాతో, అడ్రసులూ ఫోన్ నంబర్లూ పెన్సిల్‌తో. మారినప్పుడల్లా చెరిపి రాసేవాడు, అందుకని ఆ చోట్ల కాగితం పల్చబడిపోయింది. భార్య పేరు, పిల్లల పేర్లు, ఈమధ్య మనవల పేర్లు. మాలో ఎవరైనా పోతే ఆ పేజీ కొట్టేసేవాడు కాదు. పోయిన తేదీ రాసి, కింద భార్య పేరు పెద్దగా రాసేవాడు. ఉత్తరం ఆమె పేరున వెళ్లడం మొదలయ్యేది. భర్త పోయాక ఆడవాళ్లు మా కలయికలకి రావడం మానేస్తుంటే, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, "వాడు లేడని నువ్వు మాకు కాకుండా పోతావా చెల్లెమ్మా" అని రప్పించుకున్నాడు. ఈ ఒక్క పనికే వాడికి చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది నాకు. ఊరివాళ్లూ బంధువులూ భర్త పోయిన మనిషిని పలకరించడం తగ్గించేసిన ఏడాది చివర, సంక్రాంతి ఉత్తరం ఆమె పేరు మీద ఇంటికి వచ్చేది.

ఇప్పుడు మాకు వాట్సాప్ గ్రూపుంది, మనవలు పెట్టిచ్చారు. గుడ్‌మార్నింగులొస్తాయి, దండ వేసిన ఫొటోలొస్తాయి. ఈ రెంటికీ మధ్య మనిషికి జరిగేదేదీ అందులో రాదు. వాడు ఫోన్ చేసేవాడు. ముందు కోడలితోనో కూతురితోనో మాట్లాడేవాడు. మా తరం మగాళ్లని ఎలా ఉన్నావురా అంటే బాగానే ఉన్నానంటాం. రాత్రి రెండుసార్లు తూలి పడ్డాడని, అన్నం సగం వదిలేస్తున్నాడని కోడలు చెబుతుంది. అది విన్నాక మాతో మాట్లాడి, పడిన సంగతి తనకి తెలియనట్టే బాత్‌రూంలో పట్టుకునే రాడ్డు వేయించుకోమని చెప్పేవాడు.

పెద్దకర్మ రోజున వాడి భార్య ఆ లెడ్జరు నా చేతికిచ్చింది. "అన్నయ్యగారూ, ఈ ఏడు ఉత్తరం ఆగకూడదు" అంది. అందుకే వాడి సంగతితోపాటు మనవాళ్ల సంగతులూ ఇక్కడే రాస్తున్నాను.

కర్ణాటకలో గంగావతి దగ్గర ఆంధ్రా రైతుల క్యాంపులో స్థిరపడినవాడు రోజూ కర్ర పట్టుకుని గట్ల మీదికి వెళ్తున్నాడు. బాపట్లలోనే పుట్టిన బీపీటీ 5204 వరి తప్ప ఇంకో రకం వేస్తే కొడుకుతో పోట్లాడుతున్నాడట. న్యూజెర్సీలో ఉన్నవాడి భార్యకి మతిమరుపు బాగా ముదిరింది. పిల్లల్ని పోల్చుకోవడం లేదు, ఫోన్లో తెలుగులో పేరు పెట్టి పిలిస్తే మాత్రం పలుకుతోంది. ఆడవాళ్లు వీలైనప్పుడు ఆమెతో మాట్లాడండి, మనకి సాయంత్రమైతే వాళ్లకి పొద్దున. ఏలూరులో ఉన్నవాడికి రెండో కంటికి కూడా శుక్లాల ఆపరేషన్ అయింది, పేపరు చదువుకుంటున్నాడు. ఒంగోలు చెల్లెమ్మ మనవరాలికి మన కాలేజీలోనే సీటొచ్చింది. తాతగారి పాత హెర్బేరియం పుస్తకం తనతో పట్టుకెళ్లింది.

మన మిత్రుడి భార్య ఇకమీదట విజయనగరంలో కూతురి దగ్గర ఉంటుంది. బీపీ, మోకాళ్ల నొప్పులు తప్ప ఇంకే ఇబ్బందీ లేదని కూతురు చెప్పింది. కొత్త నంబరు వాడి పేజీలోనే, ఆమె పేరు కింద పెన్సిల్‌తో రాశాను. కావలసినవాళ్లు నన్నడగండి. సాయంత్రం ఏడు దాటాక చేస్తే తీరిగ్గా మాట్లాడుతుంది.