కంప్యూటర్‌లో వంతెన కట్టిన మనిషి: గ్యారీ కిల్డాల్



రేపల్లె నుంచి కృష్ణ అవతలికి, పులిగడ్డ, అవనిగడ్డ వైపు చుట్టాలింటికి వెళ్లాలంటే ఇవాళ మన పిల్లలకు పెనుమూడి వంతెన ఉంది. అది లేని రోజులు ఇంట్లో పెద్దవాళ్లకు బాగా గుర్తుంటాయి. పడవైనా ఎక్కాలి, లేదా విజయవాడ చుట్టూ తిరిగైనా రావాలి. ఇవతలి ఊళ్లూ బాగానే ఉండేవి, అవతలి ఊళ్లూ బాగానే ఉండేవి. మధ్యలో దారే లేదు.

ప్రతి కంప్యూటర్‌లోనూ ఇలాంటి వంతెన ఒకటి ఉంటుంది. ఒక ఒడ్డున మదర్‌బోర్డు, మెమరీ, హార్డ్ డిస్క్, కీబోర్డు. రెండో ఒడ్డున విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్. మనం స్విచ్ నొక్కగానే అందరికంటే ముందు లేచి, సామగ్రి అంతా సరిగ్గా ఉందో లేదో చూసుకుని, డిస్కు మీదున్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను పిలుచుకొచ్చేది ఒక చిన్న చిప్పులోని ప్రోగ్రాము. ఇలా చిప్పులో నిలిచి ఉండే ప్రోగ్రామును ఫర్మ్‌వేర్ అంటారు. పాత డెస్క్‌టాప్‌లలో దాని పేరు బయోస్. అది పాడైతే మిగతావన్నీ బాగున్నా తెర నల్లగానే ఉండిపోతుంది. బోర్డు పోయిందనుకుని, పెద్దబ్బాయి చదువుకున్న కంప్యూటర్‌ను అటక మీదికి ఎక్కించి, చిన్నమ్మాయికి వేలు పోసి కొత్తది కొంటాం. అటకెక్కిన వాటిలో కొన్నింటికి నిజంగా పోయింది ఆ చిన్న వంతెన ఒక్కటే.

ఆ వంతెనకు బయోస్ అని పేరు పెట్టిన మనిషి జీవితమే ఈ నెల పరిచయం.

ఓడల వాళ్ల ఇంటి బిడ్డ

గ్యారీ కిల్డాల్ 1942 మే 19న అమెరికాలోని సియాటిల్‌లో పుట్టారు. సముద్రం మీద దిక్కూ దారీ ఎలా లెక్కగట్టాలో నావికులకు నేర్పే బడి ఒకటి వాళ్ల కుటుంబం నడిపేది. గ్యారీకి లెక్కల మాస్టారు కావాలని ఉండేది. ఆ ఉద్దేశంతోనే వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ కంప్యూటర్‌ను చూశాక మనసు అటు మళ్లింది. సైనిక సేవకు పిలుపు వచ్చినప్పుడు నౌకాదళం తరఫున కాలిఫోర్నియాలోని మాంటెరేలో, నౌకాదళ అధికారులు పైచదువులు చదివే కళాశాలలో పాఠాలు చెప్పే పనిలో కుదిరారు. 1972లో డాక్టరేట్ పూర్తి చేశారు. మాస్టారు కావాలన్న కోరిక అలా వేరే దారిలో తీరింది.

1971లో ఇంటెల్ కంపెనీ 4004 అనే చిప్పును అమ్మకానికి పెట్టింది. గదంత యంత్రం చేసే లెక్కల పనిని గోరంత చిప్పులోకి దించవచ్చని చూపించిన చిప్పు అది. చాలామంది దాన్ని క్యాలిక్యులేటర్‌కు పనికొచ్చే వస్తువుగానే చూశారు. కిల్డాల్ తెప్పించుకుని ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టారు. కళాశాల పని లేని రోజుల్లో ఇంటెల్‌కు సలహాదారుగా వెళ్లేవారు. అలాంటి చిప్పులకు ప్రోగ్రాములు తేలిగ్గా రాసుకునేందుకు 1973లో పీఎల్/ఎం అనే కంప్యూటర్ భాషను తయారుచేశారు.

అప్పట్లో ఫ్లాపీ డిస్క్ కొత్తగా వచ్చిన వస్తువు. కిల్డాల్ దగ్గరికి ఒక డ్రైవ్ వచ్చింది కానీ, దాన్ని కంప్యూటర్‌తో కలిపే సర్క్యూట్ ఆయనకు కుదరలేదు. డ్రైవ్ కొంతకాలం ఊరికే పడి ఉంది. చివరికి విశ్వవిద్యాలయం నాటి స్నేహితుడు జాన్ టొరోడ్ ఆ సర్క్యూట్ కట్టి ఇచ్చారు. 1974లో పసిఫిక్ గ్రోవ్ అనే చిన్న ఊళ్లో ఆ డిస్కు తిరిగింది. దాన్ని నడిపించేందుకు కిల్డాల్ రాసిన ప్రోగ్రాము పేరు సీపీ/ఎం. బల్లమీద పట్టే చిన్న కంప్యూటర్లకు విరివిగా వాడిన మొదటి ఆపరేటింగ్ సిస్టమ్ అదే. ఇంటెల్ తనకు అక్కర్లేదంది. అప్పుడు కిల్డాల్, ఆయన భార్య డొరొతీ కలిసి సొంత కంపెనీ పెట్టుకున్నారు. అదే తర్వాత డిజిటల్ రీసెర్చ్ అయింది. ప్రోగ్రాములు ఆయన చూసుకుంటే, వ్యాపారం ఆమె చూసుకునేవారు.

మారేదాన్ని విడదీయడం

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. అప్పట్లో ఒక్కో కంపెనీ కంప్యూటర్ ఒక్కో తీరుగా ఉండేది. ఒకదాని డిస్కు ఒక రకం, ఇంకోదాని కీబోర్డు ఇంకో రకం. కొత్త యంత్రం వచ్చిన ప్రతిసారీ సీపీ/ఎం మొత్తాన్ని తిరగరాయాల్సి వచ్చేది. ఇమ్సాయ్ అనే కంపెనీ తమ యంత్రానికీ కావాలని అడిగేసరికి, ఈ పని ఇలా సాగదని కిల్డాల్‌కు అర్థమైంది.

ఆయన చేసింది వినడానికి చాలా మామూలు పని. ప్రోగ్రాములో యంత్రాన్ని బట్టి మారే భాగం ఏది, ఎక్కడైనా మారకుండా ఉండే భాగం ఏది అని చూసుకుని రెండింటినీ విడదీశారు. మారే భాగాన్ని చిన్నగా, విడిగా ఉంచి దానికి బయోస్ అని పేరు పెట్టారు. మీట నొక్కితే అందుకోవడం, తెరమీద అక్షరం వేయడం, డిస్కు చదవడం లాంటి ప్రాథమిక పనులు దానివి. ఇక కొత్త యంత్రం వస్తే ఆ చిన్న భాగం రాసుకుంటే చాలు. సీపీ/ఎం సుమారు 3,000 రకాల కంప్యూటర్ల మీద నడిచిందంటే కారణం ఇదే. ఒక కంపెనీ యంత్రానికి రాసిన ప్రోగ్రాము ఇంకో కంపెనీ యంత్రం మీద కూడా నడవవచ్చన్నది అప్పటికి కొత్త సంగతి.

కిల్డాల్ బయోస్ డిస్కు మీద ఉండేది. 1981 ఆగస్టు 12న ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ను విడుదల చేసినప్పుడు బయోస్‌ను మదర్‌బోర్డు మీది చిప్పులో పెట్టింది. దాని పరిమాణం 8 కిలోబైట్లు. మనం వాట్సాప్‌లో పంపుకునే ఒక్క ఫొటోలో అలాంటివి పదులకొద్దీ పడతాయి.

ఒక అబద్ధం, ఒక నిజం

కిల్డాల్ పేరు విన్నవాళ్లలో ఎక్కువమందికి తెలిసింది ఒక్క కథే. 1980లో ఐబీఎం వాళ్లు ఇంటికొస్తే ఆయన సరదాగా విమానం నడుపుకుంటూ వెళ్లిపోయారని, అదృష్టం తలుపు తడితే తీయలేదని ఆ కథ. విమానం నడపడం ఆయనకు ఇష్టమన్నది నిజమే. ఆ రోజు వెళ్లింది మాత్రం వ్యాపార పని మీద, కంపెనీ కాగితాలు ఒక ఖాతాదారుకు ఇవ్వడానికి. అలాంటి వ్యవహారాలు మామూలుగా చూసే డొరొతీ అక్కడే ఉన్నారు. ఐబీఎం ముందుకు తోసిన రహస్య ఒప్పందం మీద ఆమె వెంటనే సంతకం పెట్టలేదు. తర్వాతి బేరం కూడా కుదరలేదు.

ఐబీఎం మైక్రోసాఫ్ట్ దగ్గరికి వెళ్లింది. మైక్రోసాఫ్ట్ మరో చిన్న కంపెనీ దగ్గర కొని ఇచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్ చాలావరకు సీపీ/ఎం పోలికలతో తయారైంది. కిల్డాల్ అభ్యంతరం చెప్పాక సీపీ/ఎంను కూడా అమ్ముతామని ఐబీఎం ఒప్పుకుంది. తీరా కొట్లో చూస్తే దాని ధర 240 డాలర్లు, పక్కనున్న డాస్ ధర 40 డాలర్లు. జనం ఏది కొన్నారో చెప్పక్కర్లేదు.

అంతటితో ఆయన పని ఆగిపోలేదు. 1983 నుంచి 1990 వరకు ఒక టీవీ కార్యక్రమంలో సహ వ్యాఖ్యాతగా ఉంటూ కంప్యూటర్ల సంగతులు మామూలు జనానికి అర్థమయ్యేలా చెప్పారు. అది కూడా మాస్టారు పనే. ఆయన పెట్టిన మరో కంపెనీ 1985లో ఒక విజ్ఞాన సర్వస్వాన్ని సీడీ మీదికి తెచ్చింది. 1991లో డిజిటల్ రీసెర్చ్‌ను నోవెల్ కంపెనీ కొనుక్కుంది. డబ్బుకు లోటు లేదు. కానీ ఎక్కడికి వెళ్లినా అదే విమానం కథ ఎదురవడం ఆయన్ని బాధపెట్టింది. చివరి ఏళ్లలో మద్యం ఆయన్ని దెబ్బతీసింది. 1994 జూలైలో మాంటెరేలో తలకు దెబ్బ తగిలి, మూడు రోజుల తర్వాత, జూలై 11న కన్నుమూశారు. అప్పటికి వయసు 52.

చెడిన వంతెన బాగు చేయడం

ఆయన పోయే నాటికే బయోస్ చిప్పు స్వభావం మారుతోంది. తొలి చిప్పుల్లో ఒకసారి రాసింది మార్చడానికి వీల్లేదు. తర్వాత అతినీలలోహిత కిరణాలతో చెరిపి మళ్లీ రాసే చిప్పులు వచ్చాయి. 1990లలో ఫ్లాష్ చిప్పులు వచ్చాక బోర్డు మీది నుంచి తీయకుండానే బయోస్‌ను కొత్తదానితో మార్చుకునే వీలు కలిగింది. సులువుగా రాయగలిగేది సులువుగానే చెడిపోతుంది. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ అనే వైరస్ ఆసియాలో ఎన్నో కంప్యూటర్ల డిస్కులతో పాటు బయోస్ చిప్పుల మీద కూడా చెత్త రాసింది. అలా బయోస్ పోయినవి స్విచ్ నొక్కినా లేవలేదు. చిప్పు మార్చి గానీ, తిరిగి రాయించి గానీ వాటిని లేపుకోవాల్సి వచ్చింది.

మీ ఇంట్లో పాత డెస్క్‌టాప్ లేవకపోతే పారేసే ముందు వరసగా ఇవి చూడండి. తేదీ, సమయం రోజూ వెనక్కి పోతుంటే చాలాసార్లు తప్పు బయోస్‌ది కాదు, బోర్డు మీది నాణెం ఆకారపు బ్యాటరీది. దాని నంబరు ఎక్కువగా సీఆర్ 2032. ఫ్యాన్ తిరుగుతూ తెర నల్లగా ఉంటే, ప్లగ్ తీసేసి, మెమరీ ముక్కను ఊడదీసి తుడిచి మళ్లీ గట్టిగా పెట్టి చూడాలి. అప్పటికీ లేవకపోతే, ముఖ్యంగా బయోస్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయాక ఇలా అయితే, ఫర్మ్‌వేర్‌ను అనుమానించాలి.

చాలా బోర్డుల చిప్పుల్లో మామూలు అప్‌డేట్ ముట్టుకోని చిన్న భాగం ఒకటి ఉంటుంది. మిగతాదంతా పాడైనా అది బతికి ఉంటే, బోర్డు తయారుచేసిన కంపెనీ చెప్పిన పేరుతో ఫైలును ఫ్లాపీలోనో పెన్‌డ్రైవ్‌లోనో పెట్టి తిరిగి రాయించుకోవచ్చు. కొన్ని బోర్డుల్లో ఇలాంటి రోజు కోసమే రెండో చిప్పు కూడా ఉంటుంది. ఏదీ కుదరకపోతే చిప్పులు బాగు చేసే మెకానిక్ ప్రోగ్రామర్ అనే చిన్న పరికరంతో నేరుగా చిప్పులోకి రాస్తారు. ఆయన్ని ఒక్క మాట అడగండి: కొత్తది రాసే ముందు చిప్పులో ఉన్నదాన్ని ఉన్నట్టుగా ఒక కాపీ తీసి ఉంచమని. మీ బోర్డుకే చెందిన కొన్ని నంబర్లు అందులోనే ఉంటాయి. ఈ రిపేరులో హార్డ్ డిస్క్ జోలికి వెళ్లరు కాబట్టి పిల్లల ఫొటోలు, పాఠాలు అలాగే ఉంటాయి.

బాగా నడుస్తున్న కంప్యూటర్‌కు ఊరికే బయోస్ అప్‌డేట్ చేయొద్దు. కొత్త భాగం పెట్టాలన్నా, తెలిసిన లోపం సరిదిద్దాలన్నా చేయండి. బోర్డు మోడల్‌తో పాటు దాని కింద ముద్రించిన రివిజన్ నంబరూ ఫైలుతో సరిపోవాలి. గాలివాన రోజున అసలు వద్దు. యూపీఎస్ ఉన్నప్పుడే మొదలుపెట్టండి. అయ్యేదాకా మీట ముట్టుకోవద్దు.

దాచి ఉంచిన అసలు ప్రతి

కిల్డాల్ 1993లో తన కథను తానే రాసి, కొన్ని ప్రతులు ఇంటివాళ్లకూ స్నేహితులకూ పంచారు. అచ్చు పుస్తకంగా రాకముందే పోయారు. ఇరవై ఏళ్లకు పైగా లోకంలో విమానం కథే తిరిగింది. 2014లో సీపీ/ఎం పుట్టిన పసిఫిక్ గ్రోవ్‌లో ఇంజినీర్ల అంతర్జాతీయ సంస్థ ఐఈఈఈ ఒక ఫలకం పెట్టింది. 2016లో ఆయన పిల్లల అనుమతితో కాలిఫోర్నియాలోని కంప్యూటర్ చరిత్ర మ్యూజియం ఆ రాతలోని మొదటి భాగాన్ని అందరికీ అందుబాటులో ఉంచింది. ఇంట్లో ఒక ప్రతి దాచి ఉంచబట్టే ఆయన మాట ఆయన పోయాక కూడా లోకానికి చేరింది.

ఈ సెలవుల్లో అటక మీది పాత కంప్యూటర్‌ను కిందికి దించండి. ప్లగ్ తీసి, మూత విప్పి, బ్యాటరీ ఎక్కడుందో, బయోస్ చిప్పు ఎక్కడుందో పిల్లలతో కలిసి వెతకండి. దొరికాక ఈ మాస్టారి కథ చెప్పండి. విమానం కథ కాదు, వంతెన కథ.