హ్యూయన్‌త్సాంగ్: మనం మరిచిన దారిని రాసిపెట్టిన యాత్రికుడు



మనలో చాలామంది బుద్ధగయ, సారనాథ్, కుశీనగర్ యాత్రలకు వెళ్ళొచ్చినవాళ్ళే. ఇంకా వెళ్ళనివాళ్ళు ఎప్పటికైనా వెళ్ళాలని నాలుగు డబ్బులు దాచుకుంటున్నారు. కానీ ఒక్క సంగతి ఆలోచించండి. ఓ రెండు వందల ఏళ్ళ కిందట శ్రావస్తి ఎక్కడని అడిగితే ఖాయంగా చూపించేవాళ్ళు ఈ దేశంలో లేరు. అది అడవి కమ్మేసిన మట్టిదిబ్బ. నలందా పేరే జనం నోట్లో లేదు. ఆ దిబ్బల పక్కనున్న పల్లెను బడగావ్ అనేవాళ్ళు, అంతే. బుద్ధుడు నడిచిన దేశం బుద్ధుడి జాడనే మరిచిపోయింది.

మరి ఆ జాడ మళ్ళీ ఎలా దొరికింది? ఎక్కడో చైనాలో పుట్టి, ఎడారులూ మంచుకొండలూ దాటి ఇక్కడికొచ్చి, ఊరూరా తిరిగి రాసిపెట్టిన ఒక భిక్షువు పుస్తకం అందుకు పెద్ద ఆధారమైంది. ఆయనే హ్యూయన్‌త్సాంగ్. బడిలో హర్షవర్ధనుడి పాఠంలో ఒక్క వాక్యంగా చదివి వదిలేసిన పేరు. నిజానికి ఆయన జీవితం మనం ఇంట్లో పిల్లలకు కూర్చోబెట్టి చెప్పుకోవాల్సిన కథ.

అనుమానమే గురువు

హ్యూయన్‌త్సాంగ్ క్రీ.శ. 602 ప్రాంతంలో చైనాలోని లొయాంగ్ నగరానికి దగ్గర్లో, చెన్ అనే చదువుకున్న కుటుంబంలో పుట్టాడు. నలుగురు అన్నదమ్ముల్లో చిన్నవాడు. ఒక అన్న అప్పటికే భిక్షువు. ఆ అన్న వెంట విహారానికి వెళ్ళి, 13 ఏళ్ళ వయసులోనే సంఘంలో చేరాడు. అప్పుడే సుయి రాజవంశం కూలిపోయింది. దేశమంతా యుద్ధాలు, కరువు. అన్నదమ్ములిద్దరూ లొయాంగ్ వదిలి చాంగాన్‌కూ, అక్కణ్ణించి చెంగ్డూకూ పోయారు. 20 ఏళ్ళకు ఆయన పూర్తి భిక్షువయ్యాడు.

ఆయన దగ్గర ఒక మంచి గుణం ఉంది. తెలియనిదాన్ని తెలిసినట్టు నటించడు. చైనాలో పేరున్న గురువులందరి దగ్గరా చదివాడు. ఒకే విషయాన్ని ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతున్నారు. అనువాదాలు తీసి చూస్తే అవీ ఒకదానితో ఒకటి పొసగడం లేదు. పెద్దలు చెప్పారు గదా అని ఊరుకోలేదు. మూలగ్రంథాలు పుట్టిన చోటికే వెళ్ళి, ఆ భాష నేర్చుకుని, తానే చదవాలని నిర్ణయించుకున్నాడు.

పారిపోయి వచ్చిన యాత్రికుడు

అయితే దేశం దాటడానికి అనుమతి లేదు. తాంగ్ వంశం అప్పుడప్పుడే కుదురుకుంటోంది, పడమటి సరిహద్దు మూసేశారు. ఆయన అర్జీ పెట్టుకుంటే కాదన్నారు. క్రీ.శ. 629లో, 27 ఏళ్ళ వయసులో, చక్రవర్తి ఆజ్ఞ కాదని రహస్యంగా బయల్దేరాడు. పగలు దాక్కోవడం, రాత్రి నడవడం. పట్టుకోమని ఉత్తర్వు వచ్చింది. దాన్ని అందుకున్న ఒక అధికారి ఆయన పట్టుదల చూసి, ఆ కాగితాన్ని ఆయన ముందే చించేసి పంపించేశాడు.

దారి చూపిస్తానని వెంట వచ్చినవాడు ఒక రాత్రి కత్తి దూసి మీదికి వచ్చాడు. మళ్ళీ ఏమనుకున్నాడో వెనక్కి తగ్గాడు. తెల్లారాక అతన్ని పంపించేసి, ఒక ముసలి గుర్రంతో ఒంటరిగా గోబీ ఎడారిలో అడుగుపెట్టాడు. కావలి బురుజు దగ్గర నీళ్ళు పట్టుకోబోతే బాణాలు దూసుకొచ్చాయి. ఇంకా లోపలికి పోయాక నీళ్ళ తిత్తి చేజారి ఇసుకలో ఒలికిపోయింది. వెనక్కి తిరిగి కొంత దూరం నడిచాడు కూడా. కానీ ధమ్మం దొరక్కుండా తూర్పు వైపు ఒక్క అడుగూ వేయనని తాను చేసుకున్న ప్రతిజ్ఞ గుర్తొచ్చి మళ్ళీ పడమటికి తిరిగాడు. నాలుగు రాత్రులు, ఐదు పగళ్ళు చుక్క నీళ్ళు లేవు. చివరికి ఆ ముసలి గుర్రమే నీటి వాసన పట్టి పచ్చిక ఉన్న చోటికి తీసుకుపోయింది.

తుర్ఫాన్ రాజు ఆయన్ని గౌరవించి తన రాజ్యంలోనే ఉండిపొమ్మన్నాడు. ఒప్పుకోకపోతే బలవంతంగా ఆపుతానన్నాడు. హ్యూయన్‌త్సాంగ్ అన్నం నీళ్ళు మానేసి కూర్చున్నాడు. నాలుగో రోజుకు రాజే దిగివచ్చి, మనుషుల్నీ, గుర్రాల్నీ, దారిలో ఉన్న రాజులకు ఉత్తరాల్నీ ఇచ్చి సాగనంపాడు. తర్వాత తియెన్‌షాన్ మంచుకొండలు. అవి దాటేసరికి వెంట వచ్చినవాళ్ళలో చాలామంది చలికి చనిపోయారు. సమర్‌కండ్, బల్ఖ్ దాటి బామియాన్ చేరాడు. కొండను తొలిచి నిలిపిన పెద్ద బుద్ధ విగ్రహాలను చూసి రాసుకున్నాడు. 2001లో తాలిబాన్లు పేల్చేసినవి ఆ విగ్రహాలే.

నలందా వాకిట్లో

గాంధారంలో అడుగు పెట్టాక ఆయన చూసింది వైభవం కాదు, శిథిలాలు. భిక్షువులు లేని విహారాలు, గడ్డి మొలిచిన స్తూపాలు. కాశ్మీర్‌లో రెండేళ్ళు ఆగి చదువుకున్నాడు. గంగానది మీద పడవలో పోతుంటే దొంగలు పట్టుకుని, దుర్గకు బలి ఇవ్వడానికి సిద్ధం చేశారు. ఇంతలో పెద్ద గాలివాన లేచి వాళ్ళు భయపడి వదిలేశారు. ప్రాణం గాలివాన దయవల్ల దక్కిందన్నమాట.

కపిలవస్తు పాడుబడి ఉంది. కుశీనగరం కూడా అంతే. బోధివృక్షం దగ్గర నిలబడి, బుద్ధుడి కాలంలో పుట్టలేకపోయానని కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

నలందా మాత్రం కళకళలాడుతోంది. అక్కడ చేరాలంటే వాకిట్లోనే పరీక్ష ఉంటుందనీ, వచ్చిన పదిమందిలో ఏడెనిమిది మంది వెనుదిరగాల్సిందేననీ ఆయన రాశాడు. అప్పటికి పండు ముసలివాడైన ఆచార్య శీలభద్రుడు ఆయన్ని శిష్యుడిగా తీసుకున్నాడు. అక్కడ మొత్తం ఐదేళ్ళు గడిపాడు.

మన నేల మీద

నలందా నుంచి బెంగాల్, కళింగ మీదుగా క్రీ.శ. 639 ప్రాంతంలో ఆయన మన తెలుగు నేలకు వచ్చాడు. ఆంధ్ర దేశాన్నీ, దాని రాజధానినీ వర్ణించాడు. అది వేంగి అని పండితులు అంటారు. అక్కడ ఇరవైకి పైగా విహారాలు, మూడు వేల మంది భిక్షువులు ఉన్నారని లెక్క రాశాడు.

తర్వాత ధాన్యకటకం. దాన్ని చరిత్రకారులు అమరావతి, విజయవాడ ప్రాంతంగా గుర్తించారు. ఆచార్య నాగార్జునుడి పేరు, భావవివేకుడి పేరు ఇంకా జనం చెప్పుకుంటున్నారు. కానీ విహారాల్లో ఎక్కువ భాగం ఖాళీ. మిగిలినవి ఇరవై దాకా, భిక్షువులు వెయ్యి మంది. దేవాలయాలు మాత్రం వందకు పైనే. తూర్పున పూర్వశైల విహారం, పడమట అపరశైల విహారం. ఒకప్పుడు వందలమంది సాధన చేసిన ఆ రెండూ నిర్మానుష్యమై చాలాకాలం అయిందని రాశాడు.

అయినా అక్కడ కొన్ని నెలలు ఆగాడు. ఎందుకో తెలుసా? చదువుకోవడానికి. ఇద్దరు స్థానిక భిక్షువుల దగ్గర మహాసాంఘిక అభిధర్మం నేర్చుకున్నాడు, తనకు తెలిసిన శాస్త్రాలు వాళ్ళకు చెప్పాడు. అంటే ఆరిపోతున్న రోజుల్లో కూడా నలందా పండితుడికి పాఠం చెప్పగలిగినవాళ్ళు కృష్ణ ఒడ్డున ఉన్నారు. ఈ మాట మన పిల్లలకు చెప్పాలి.

అక్కడి నుంచి కంచి, మహారాష్ట్ర, పడమటి తీరం తిరిగాడు. సింధు దేశంలో రాజు శూద్రుడనీ, బుద్ధుడి మార్గంలో నడిచేవాడనీ ప్రత్యేకంగా రాశాడు.

ఊరి బయట ఎవరున్నారు?

మనకు అన్నింటికన్నా ముఖ్యమైనది ఇది. మాంసం కోసేవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, పాకీపని చేసేవాళ్ళు, మరణశిక్ష అమలు చేసేవాళ్ళు, ఆటపాటల వాళ్ళు ఊరి బయట బతకాల్సి వచ్చేదనీ, వాళ్ళ ఇళ్ళకు గుర్తు ఉండేదనీ, ఊళ్ళోకి వస్తే ఎడమ పక్కన ఒదిగి నడిచేవాళ్ళనీ ఆయన నమోదు చేశాడు. ఆయనకన్నా రెండు వందల ఏళ్ళ ముందు వచ్చిన ఫాహియాన్ చండాలుల గురించి మాత్రమే రాశాడు.

బాబాసాహెబ్ అంబేడ్కర్ 1948లో వెలువరించిన అంటరానివారి చరిత్ర గ్రంథంలో ఈ ఇద్దరు యాత్రికుల రాతల్నీ పక్కపక్కన పెట్టి పరిశీలించారు. ఇద్దరి మధ్య తేడాను గమనించారు. మరికొన్ని ఆధారాలతో కలిపి చూసి, అంటరానితనం సుమారు క్రీ.శ. 400 ప్రాంతంలో పుట్టిందనే నిర్ణయానికి వచ్చారు. అంటే అది అనాదిగా ఉన్నది కాదు, దేవుడు పెట్టిందీ కాదు. దానికి ఒక పుట్టిన తేదీ ఉంది. పుట్టినదానికి చావు కూడా ఉంటుంది. ఈ వాదనకు ఒక చైనా యాత్రికుడి నోటు పుస్తకం పనికొచ్చింది చూడండి!

తిరుగు ప్రయాణం, 19 ఏళ్ళ పని

హర్షుడు కనౌజ్‌లో పెద్ద సభ పెట్టించాడు. 18 రోజులు గడిచినా హ్యూయన్‌త్సాంగ్ వాదాన్ని ఎవరూ ఖండించలేకపోయారు. 643లో ఇంటిదారి పట్టాడు. సింధు నది దాటుతుంటే పడవ ఊగి కొన్ని గ్రంథాలు నీటిపాలయ్యాయి. వాటి నకళ్ళు మళ్ళీ రాయించి తెప్పించుకున్నాకే కదిలాడు.

645లో చాంగాన్ చేరాడు. దొంగచాటుగా వెళ్ళినవాడికి నగరమంతా స్వాగతం పలికింది. తెచ్చింది బంగారం కాదు, 657 గ్రంథాలు. చక్రవర్తి పదవి ఇస్తానన్నాడు. వద్దన్నాడు. చక్రవర్తి కోరిక మీద 646లో 12 సంపుటాల యాత్రా గ్రంథం పూర్తి చేశాడు. తర్వాత 664లో కన్నుమూసేదాకా అనువాదమే పని. 19 ఏళ్ళలో 75 గ్రంథాలు.

ఆ యాత్రా గ్రంథం పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రెంచిలోకీ, ఇంగ్లీషులోకీ వచ్చింది. 1861 నుంచి కన్నింగ్‌హామ్ దాన్ని చేతిలో పట్టుకుని, అందులో రాసిన దిక్కులూ దూరాలూ చూసుకుంటూ దిబ్బలు వెతికాడు. కాసియా కుశీనగరమైంది. సహేత్-మహేత్ శ్రావస్తి అయింది. బడగావ్ నలందా అయింది.

మనం తీసుకోవాల్సింది

ఆయన పుస్తకంలో మహిమలూ, నమ్మలేని కథలూ కూడా ఉన్నాయి. వాటిని మనం మోయక్కర్లేదు. కాలాములకు తథాగతుడు నేర్పింది అదే గదా, విన్నదాన్ని పరీక్షించుకోవాలి. బాబాసాహెబ్ కూడా ఆయన రాతల్ని పరీక్షించే వాడుకున్నారు.

కానీ మూడు పనులు మాత్రం ఆయన్నుంచి నేర్చుకుందాం. అనుమానం వస్తే మూలం దాకా వెళ్ళడం. ఎక్కడికెళ్ళినా చదువుకోవడం. చూసింది రాసిపెట్టడం. మూడోది మనకు మరీ అవసరం. రాసినవాళ్ళు లేకపోతే ఏం జరుగుతుందో పూర్వశైల, అపరశైల విహారాలు చెబుతున్నాయి. వాటి గురించి ఈ కొంచెమైనా మనకు తెలిసిందంటే దూరదేశం మనిషి రాయబట్టే.

మీ ఊరి పక్క బౌద్ధ దిబ్బ ఉంటే వెళ్ళి చూడండి. ఫొటో తీసి, పెద్దలు దాన్ని ఏమని పిలుస్తారో అడిగి రాసి ఉంచండి. మీ వాడలో మొదట ధమ్మ దీక్ష తీసుకున్నవాళ్ళు ఎవరో, ఏ ఏడో, విహారం ఎలా కట్టుకున్నారో ఒక నోటు పుస్తకంలో ఎక్కించండి. పిల్లల చేత రాయించండి. మన చరిత్ర కోసం ఇంకో యాత్రికుడు ఎడారి దాటి వచ్చేదాకా ఎదురుచూడొద్దు.

నమో బుద్ధాయ! జై భీమ్!