ఆరోపణను కారణంగా అంగీకరించని విలేకరి

కులం పేరిట జరిగిన హత్యల వార్తలను కత్తిరించి తీసుకురమ్మని ఇటీవల నా విద్యార్థులను కోరాను. ప్రతి వార్తలోనూ హత్యకు కారణం చెప్పే వాక్యం కింద గీత గీసి, అది ఎవరి నోటి నుంచి వచ్చిందో పక్కన రాయమన్నాను. ఎక్కువ కత్తిరింపుల పక్కన పోలీసులు అనో, గ్రామ పెద్దలు అనో ఉంది. చనిపోయినవారి గడప తొక్కి తెలుసుకున్న కారణం ఒకటి రెండింటిలోనే కనిపించింది. ఆ రోజు పాఠం పక్కనపెట్టి వారికి ఐడా బి. వెల్స్ జీవితం చెప్పాను. వార్తలోని ఆ ఒక్క వాక్యాన్ని ప్రశ్నించడానికే తన వృత్తి జీవితాన్ని వెచ్చించిన విలేకరి ఆమె.

1862 జులై 16న అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రం, హోలీ స్ప్రింగ్స్ పట్టణంలో ఆమె బానిసగా పుట్టారు. తండ్రి వడ్రంగి, తల్లి వంటమనిషి. విముక్తి వచ్చాక ఆ కుటుంబం బడిని నమ్ముకుంది. 1878లో ఎల్లో ఫీవర్ తల్లిదండ్రులను, పసి తమ్ముడిని బలితీసుకుంది. పదహారేళ్ల ఐడా పంతులమ్మగా చేరి తోబుట్టువులను సాకారు. తర్వాత టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్ నగరానికి మారారు. రైలులో మహిళల బోగీలో టికెట్ కొని కూర్చున్న ఆమెను సిబ్బంది బలవంతంగా లాగి బయటకు పంపితే, రైల్వే కంపెనీ మీద దావా వేశారు. 1884లో కింది కోర్టు 500 డాలర్ల పరిహారం ఇచ్చింది. 1887లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసి, ఖర్చులు ఆమే కట్టాలంది. చట్టం కాగితం మీద ఒకటి, బోగీలో మరొకటి అని ఆమెకు అప్పుడే అర్థమైంది.

అయోలా అనే కలం పేరుతో నల్లజాతి పత్రికల్లో రాయడం మొదలుపెట్టి, 1889లో మెంఫిస్‌లోని ఫ్రీ స్పీచ్ పత్రికకు భాగస్వామి, సంపాదకురాలు అయ్యారు. నల్లపిల్లల బడుల దుస్థితిని రాసినందుకు 1891లో ఉపాధ్యాయ ఉద్యోగం పోయింది. ఇక పత్రికే బతుకుతెరువు. ఊరూరా తిరిగి చందాదారులను చేర్చడం, వార్తలు సేకరించడం, సంపాదకీయం రాయడం అన్నీ ఆమే చేశారు.

మెంఫిస్ శివారులో నల్లవారు కలిసి పెట్టుకున్న కిరాణా దుకాణం పేరు పీపుల్స్ గ్రోసరీ. దాని భాగస్వాముల్లో ఒకరైన థామస్ మాస్ తపాలా బంట్రోతు, ఐడాకు ఆప్త మిత్రుడు. అతని కూతురికి ఆమె జ్ఞానస్నాన తల్లి. అప్పటిదాకా ఆ పేటలో ఏకైక వ్యాపారిగా ఉన్న ఒక తెల్లవాడికి ఆ దుకాణం కంటగింపైంది. పిల్లల గోలీలాటలో పుట్టిన తగాదా పెద్దలకు పాకి, రాత్రివేళ దుకాణం మీదికి సాయుధులు వచ్చే దాకా పోయింది. కాల్పుల్లో కొందరు తెల్లవారు గాయపడ్డారు. 1892 మార్చి 9 వేకువకు ముందు మూక జైలులోకి చొరబడి మాస్‌ను, కాల్విన్ మెక్‌డోవెల్‌ను, విల్ స్టూవర్ట్‌ను లాక్కుపోయి కాల్చి చంపింది. ఆ హత్యల వివరాలు తెల్లవారి పత్రికలో ఎంత సవివరంగా వచ్చాయంటే, విలేకరి దగ్గరుండి చూసినట్టే ఉంది. ఆ సమయంలో ఐడా పత్రిక పని మీద వేరే ఊళ్లో ఉన్నారు. తిరిగి వచ్చేసరికి మిత్రుడి అంత్యక్రియలు ముగిశాయి.

ఇక్కడ ఆమె చేసుకున్న ఒక అంగీకారం నన్ను ప్రతిసారీ ఆపుతుంది. అప్పటివరకు, మూకహత్యలకు మూలం తెల్ల స్త్రీలపై జరిగే అత్యాచారాలేనన్న ప్రచారాన్ని తానూ చాలావరకు నమ్మానని ఆమె తర్వాతి కాలంలో ఒప్పుకున్నారు. బానిసగా పుట్టి, రైలు నుంచి ఈడ్చివేతకు గురై, పత్రిక నడుపుతున్న మనిషి కూడా పీడకుల కథనాన్ని వార్తగా మింగారు. మాస్ మీద అలాంటి ఆరోపణ ఏదీ లేదు. అతని నేరం దుకాణం. మరి మిగతా హత్యల సంగతేమిటన్న ప్రశ్న ఆమెను ఊళ్ల బాట పట్టించింది.

హత్యలు జరిగిన చోట్లకు వెళ్లి, బంధువులతో మాట్లాడి, అచ్చయిన కథనాలతో సరిపోల్చారు. అత్యాచారంగా ప్రచారమైన కొన్ని సంఘటనలు ఇష్టపూర్వక సంబంధాలని తేలింది. మెంఫిస్ వదిలి ఓక్లహోమాకు వలసపోతున్న నల్లవారిని అక్కడి కష్టాల కథలతో తెల్ల పత్రికలు బెదరగొడితే, స్వయంగా ఓక్లహోమా వెళ్లి చూసి రాశారు. 1892 మే నెలలో, ఆ పాత అబద్ధాన్ని ఇక ఎవరూ నమ్మరని సంపాదకీయం రాశారు. రాసింది మగవాడేనని భావించిన తెల్ల పత్రికలు చిత్రహింసలు పెడతామని బాహాటంగా ప్రకటించాయి. ఆమె తూర్పు రాష్ట్రాల పర్యటనలో ఉండగా మూక కార్యాలయాన్ని ధ్వంసం చేసింది. తిరిగొస్తే చంపుతామన్న హెచ్చరికలు అందాయి. ఆమె న్యూయార్క్‌లోనే ఉండిపోయి, న్యూయార్క్ ఏజ్ పత్రికలో చేరారు.

అదే ఏడాది వచ్చిన సదరన్ హారర్స్, 1895లో వచ్చిన ఎ రెడ్ రికార్డ్ ఆమె పద్ధతికి నిదర్శనాలు. తన వారి లెక్కలు చెబితే అతిశయోక్తి అంటారని, తెల్లవారి పత్రిక చికాగో ట్రిబ్యూన్ ఏటా ప్రకటించే లెక్కలనే ఆమె తీసుకున్నారు. ఎనిమిదేళ్లలో హత్యకు గురైన 728 మంది నల్లవారిలో అత్యాచార ఆరోపణ సైతం మూడింట ఒక వంతు మీదనే ఉందని చూపారు. అది ఆరోపణే, రుజువు కాదు. మిగతావారిలో తెల్లవారితో దురుసుగా మాట్లాడారని చంపబడ్డవారూ ఉన్నారు. ఎవరు, ఎక్కడ, ఏ తేదీన, ఏ సాకుతో అన్న ఆ పట్టికలు 1893, 1894 పర్యటనల్లో ఆమె చేసిన ప్రసంగాలతో కలిసి బ్రిటన్ ప్రజాభిప్రాయాన్ని కదిలించాయి.

1919లో ఆర్కన్సా రాష్ట్రంలోని ఎలేన్ ప్రాంతంలో, తెల్ల భూస్వాముల పొలాలను పంట వాటాకు సాగుచేసే నల్ల రైతులు పత్తికి న్యాయమైన ధర కోసం సంఘం పెట్టుకున్నారు. దాన్ని తెల్లవారి ఊచకోతకు కుట్రగా చిత్రించారు. ఊచకోతకు గురైంది నల్లవారు. మరణశిక్ష పడిన పన్నెండు మందీ నల్లవారే. దాదాపు ముప్పై ఏళ్లు దక్షిణాదిలో అడుగుపెట్టని ఐడా, ఖైదీల బంధువుల మధ్య తానూ ఒక బంధువుగా జైలులోకి వెళ్లారు. ప్రాణాల గురించే కాదు, ఎవరు ఎన్ని ఎకరాలు వేశారు, ఎంత పత్తి పోయింది, ఎన్ని పశువులు పోయాయి అని అడిగి రాసుకున్నారు. ఆ లెక్కే అసలు కారణం చెప్పింది. నల్లజాతి సంఘాల సుదీర్ఘ న్యాయపోరాటం ఫలించి 1925 నాటికి ఆ పన్నెండు మందీ విడుదలయ్యారు.

జాతి, కులం ఒకటి కావు. అయినా 1873లోనే జ్యోతిరావు ఫూలే తన గులాంగిరిని బానిస విముక్తికి పాటుపడిన అమెరికన్లకు అంకితమిచ్చి, ఆ రెండు చరిత్రలను పక్కపక్కన పెట్టాడు. తెలుగు నేల మీద 1985లో కారంచేడు హత్యలను చెరువు నీళ్ల గొడవగా, 1991లో ఎనిమిది మంది దళితుల ప్రాణాలు తీసిన చుండూరు హత్యలను సినిమాహాలు తగాదాగా కుదించి చెప్పినవారు ఉన్నారు. గోలీలాట గొడవ మెంఫిస్‌కు ఎంత కారణమో, ఇవీ అంతే. ఆత్మగౌరవంతో నిలబడ్డ వాడలు అసలు కారణం. చుండూరు కేసులో 2007లో పడిన శిక్షలను నేరం రుజువు కాలేదంటూ 2014లో హైకోర్టు కొట్టివేసింది. న్యాయస్థానం తలుపు మూసుకున్న చోట, నమ్మకంగా రాసిపెట్టిన వార్తే బాధితులకు మిగిలే దస్తావేజు.

ఐడా 1931 మార్చి 25న చికాగోలో కన్నుమూశారు. ఆమె ఆత్మకథ ఒక వాక్యం మధ్యలో ఆగిపోయింది; కూతురి సంపాదకత్వంలో 1970లో గానీ అది అచ్చుకాలేదు. పులిట్జర్ ప్రత్యేక గౌరవం 2020లో అందింది. మూకహత్యపై చర్య కోరుతూ ఆమె 1898లో అధ్యక్షుడు మెకిన్లీని కలిశారు. దాన్ని ప్రత్యేక నేరంగా గుర్తించిన ఫెడరల్ చట్టం 2022లో వచ్చింది.

తరగతి అయ్యాక ఒక విద్యార్థిని తన కత్తిరింపును తిరిగి తీసుకుంది. అందులో ప్రేమ వ్యవహారమే హత్యకు కారణమని ఉంది. ఆ ఊరు తమకు దగ్గరేనని, ఆదివారం వెళ్లి వస్తానని చెప్పింది. ఎవరిని కలవాలని అడిగింది. ముందు చనిపోయినవాడి తల్లిని కలవమన్నాను.