బెంగుళూరు నాగరత్నమ్మ: రాధికాసాంత్వన పరిష్కరణము

మైసూరు రాజ్యమందలి నంజనగూడున 1878లో జన్మించిన నాగరత్నమ్మ సంగీతమునందును, సంస్కృతాంధ్ర కర్ణాట భాషలయందును ప్రవీణురాలు. తంజావూరి ప్రతాపసింహుని ఆస్థానమున విలసిల్లిన ముద్దుపళని రచించిన ‘రాధికాసాంత్వనము’ 1887 నాటి ముద్రణమున కవయిత్రి వంశవర్ణనమును, కొన్ని పద్యములును లోపించియుండెను. నాగరత్నమ్మ వ్రాతప్రతిని సంపాదించి, రెంటిని పోల్చి చూచి, 1910లో వావిళ్లవారిచే కావ్యమును సమగ్రముగా ప్రకటింపఁజేసెను.

స్త్రీ రచించిన శృంగారము దూష్యమని వీరేశలింగము పంతులుగారు ఆక్షేపించియుండిరి. పురుషుల ప్రబంధములకు లేని దోషము దీనికేల యని ఆమె ప్రశ్నించెను. 1911లో ప్రభుత్వము ప్రతులను స్వాధీనపఱచుకొని గ్రంథమును నిషేధించెను.

ఆమె తన ధనమును తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధిమందిర నిర్మాణమునకు వినియోగించెను. 1947లో నిషేధము తొలఁగెను. 1952లో వావిళ్లవారు గ్రంథమును పునర్ముద్రించిరి. ఆ యేఁడే నాగరత్నమ్మ కీర్తిశేషురాలయ్యెను. నిషేధము కావ్యమును పాఠకులకు ముప్పదియాఱేండ్లు దూరము చేసెను. ఆమె నిలిపిన పాఠమును మాత్రము రూపుమాపలేకపోయెను.